బాలనర్సమ్మ మోసిన నల్లమట్టి

హాలియా కాలువ నీళ్లెక్కని మెట్ట మీద ఉంటుంది మా ఊరు. బాలనర్సమ్మ నాకు చిన్నమ్మ వరస. తరతరాలుగా కూలికి పోయిన ఆ ఇంట్లో తొలిసారి భూమి కొన్నది ఆమే, ఆమె పెనిమిటి మల్లయ్యే. పేరుకు చెలక, నిజానికి రాళ్లూ కుండపెంకులూ తప్ప గడ్డి మొలవని దిబ్బ. తెలంగాణ వచ్చిన కొత్తలో చెరువు పూడిక తీస్తుంటే, ఇద్దరూ ఆ నల్లమట్టిని గంపలకెత్తి దిబ్బ మీద పోశారు. ఏటా మోశారు. పత్తి చేతికొచ్చే నాటికి మల్లయ్య పోయాడు.

పాత ఊళ్ల ఆనవాళ్లు తవ్వే ప్రేమ్‌సాగర్ సారు ఆ పెంకుల కోసం వచ్చి, చెలక నడుమ గుంట తీస్తానన్నాడు.

"తవ్వుకోన్రి సారూ. గనీ మా నల్లమట్టి మళ్ల పైననే పొయ్యాలె. గది మేము నెత్తిన మోసింది" అంది చిన్నమ్మ.

"పొరలు కలవకుండా చూడటమే మా పనమ్మా" అన్నాడు సారు.

ఆ మాటకే ఆమె కరిగిపోయింది. రోజూ వాళ్లకు మజ్జిగ పోసింది.

పని మాత్రం ముచ్చటగా చేశారు. గుంట గోడను నున్నగా చెక్కి, రంగు మారిన చోటల్లా గీత గీసి, పొరకో చీటీ గుచ్చారు. "అడుగున ఎర్ర మొరం, మనుషులు రాకముందుది. దానిపైన బూడిద, వాళ్ల పొయ్యిలది. నల్లమట్టి మొన్నమొన్నటిది, మాకు పనికిరాదు" అని వివరించాడు సారు. చిన్నమ్మ నవ్వి ఊరుకుంది. నాకైతే ఒళ్లు మండింది.

చివరి రోజు జేసీబీ వచ్చింది. విడిగా పోసిన నల్లమట్టి కుప్పనే ముందు గుంటలోకి నెట్టి, దాని మీద మొరం కప్పేసింది. "జర ఆగున్రి" అని చిన్నమ్మ అడ్డం పోయి అరిచింది. సారు ఫోన్లో మాట్లాడుకుంటూ జీపెక్కాడు. ఆ ఏడు అక్కడ పత్తి మొలవలేదు. మళ్లీ మోయడానికి ఆమె ఒంట్లో సత్తువ లేదు.

"నమ్మి మోసపోయిన బిడ్డా" అని నా ముందు ఏడ్చింది. మల్లయ్య పోయినప్పుడు కూడా అంతలా ఏడవలేదు.

మరుసటి ఎండాకాలం సారు మళ్లీ దిగాడు, ఈసారి పక్క చెలక గోపయ్యను ఒప్పించడానికి. "బాగున్నారా అమ్మా?" అన్నాడు, ఏమీ జరగనట్టు. చిన్నమ్మ ఆ ఇద్దరినీ తన చెలకలోకి తీసుకుపోయి, పిడికెడు ఎర్రమట్టి తీసి సారు చేతిలో పోసింది.

"గిది ఏ పొర సారూ?"

"అడుగుది" అన్నాడు సారు మెల్లగా.

"మరి మా ఆయన మోసిన మట్టి యాడున్నది?"



"ఇగ పోన్రి సారూ" అన్నాడు గోపయ్య.