వాలు ఎటు?

బోధన్ హైస్కూల్లో లెక్కల మాస్టరుగా చేరినప్పుడు నాది టెంపరరీ ఉద్యోగం. తెలుగువాళ్లందరికీ కలిపి కొత్త రాష్ట్రం ఏర్పడి కొన్నేళ్లయింది. అంతవరకు ఉర్దూలో నడిచిన లెక్కలు తెలుగులోకి దిగుతున్నాయి. ఇన్‌స్పెక్టర్ సాబ్ వచ్చి నా పాఠం విని బాగుందంటేనే పర్మినెంటు. పర్మినెంటు అయితేనే పెళ్లి. బాల్కొండలో పిల్లనిచ్చేవాళ్లు ముహూర్తం చూసుకుని, నా కబురు కోసం ఆగి ఉన్నారు.

ఆయన వచ్చిన రోజు సరళరేఖ పాఠం. డైరీలో రాసుకున్నాను కాబట్టి సమీకరణం కూడా చెప్పగలను. నల్లబల్ల మీద y = 2x + 1 అని రాశాను. దాన్నే మార్చి 2x − y + 1 = 0 అని రాసి, రూపం మారినా గీత మారదని చెప్పాను. గీత గీస్తే కుడికి పోతూ చక్కగా పైకెక్కింది. మొదటి రూపంలో x ముందున్న రెండును కొత్త పుస్తకం ఆ గీతకు ‘వాలు’ అంటుంది. గీత కుడికి పోతూ ఎక్కితే వాలు ప్లస్, దిగితే మైనస్. ఈ మాట నేను చెప్పేలోపే, వెనక బెంచీ మీద కూర్చున్న సాబ్ రెంజల్ నుంచి వచ్చే ఒక అమ్మాయిని లేపారు.

“బేటీ, గా గీత వాలు ఎటుంది?”

“ఎడమ దిక్కు సార్.”

“అంటే ప్లస్సా, మైనస్సా?”

“మైనస్ సార్. నీళ్లు ఎనుకకు పోతున్నయి గద.”

“కాదమ్మా, గీత పైకి పోతుంది చూడు,” అన్నాను.

“పైకి పోతే వాలెట్లయితది సార్? గది ఎక్కుడు. చెరుకు మడికి గిట్ల కాలువ తీస్తే మా బాపు తంతడు.”

క్లాసు గొల్లుమంది. అందరివీ మడికి నీళ్లు మళ్లించుకునే ఇళ్లే. వాళ్లకు వాలంటే నీళ్లు పోయే దిక్కు.

సాబ్ చదువంతా ఉర్దూలో సాగింది, కుడి నుంచి చదివే కన్ను. కూర్చున్నచోటి నుంచే గాలిలో వేలితో గీత వెంట కుడి నుంచి ఎడమకు దిగివచ్చారు.

“లడ్కీ సహీ బోల్ రహీ హై, పిల్ల చెప్పేది నిజమే. గీత దిగుతనే ఉన్నది. క్యా మాస్టర్ సాబ్, మీ కితాబ్ తప్పా?”

అవునంటే పుస్తకం తప్పు, కాదంటే సాబ్ తప్పు. బాల్కొండ ముహూర్తం నా కళ్ల ముందే ఎడమవైపుకు జారసాగింది.

ఇక సాబ్ దారిలోనే నడిచాను.

“కుడి నుంచే వద్దాం సాబ్. x మూడైతే y ఏడు. x రెండుకొస్తే y ఐదు. x ఒకటి తగ్గింది, y రెండు తగ్గింది. మైనస్ రెండును మైనస్ ఒకటితో భాగిస్తే?”

“ప్లస్ రెండు!” అని క్లాసంతా అరిచింది.

“యానే, అంటే ఇటుకెల్లి వచ్చినా అటుకెల్లి వచ్చినా ఒక్కటేనా?”

“ఒక్కటే సాబ్.”

ఆ అమ్మాయి ఇంకా నిలబడే ఉంది. “మరి నీళ్లు సార్?”

“నీళ్లు ఎటన్న పోనీ, నువ్వు కూసో బిడ్డా,” అని సాబ్ నవ్వుతూ లేచారు. గుమ్మం దగ్గర హెడ్మాస్టరుతో అన్నారు: “గీ మాస్టర్ సాబ్‌ను పక్కా చేయుండ్రి. నహర్ తవ్వే పనికి మాత్రం తోలకుండ్రి, నీళ్లను గుట్ట ఎక్కిస్తడు.”

హెడ్మాస్టరుకు మొదటి మాట వినబడిందో లేదోనని నేను గేటు దాకా వెంటపడ్డాను.

“విన్నలేవయ్యా,” అన్నారు హెడ్మాస్టరు. “పో, పోయి పెండ్లి చేస్కో.”