ఫిరంగులు విప్పేసిన ఓడ

ఒక మనిషి నీళ్లలో మునుగుతాడో తేలుతాడో అతని పేరులో మొదటి అక్షరం చూసి చెప్పవచ్చునని మీరు నిజంగా నమ్ముతున్నారా?

మిర్యాలగూడలో ఒక సిద్ధాంతి నమ్మాడు. మా తమ్ముడికి మా నాయన జాతకం రాయించలేదు గనుక, పేరును బట్టి లెక్కగట్టి జలగండం ఉందన్నాడు. తమ్ముడేమో నౌకాదళంలో పనిచేస్తున్నాడు. కోదాడలో ఒక అమ్మాయిని చూసివచ్చి, చేసుకుంటే ఆమెనే చేసుకుంటానని కూర్చున్నాడు. సెలవు ఇంకా వారమే ఉంది. అమ్మాయి నాయనమ్మ మాత్రం ఆ సిద్ధాంతిని అడిగించి, జలగండం మాట విని వద్దనేసింది. సాగర్ ఎడమ కాలువకు నీళ్లొదిలిన కొత్త రోజులవి. తమ్ముణ్ణి, అమ్మను వెంటబెట్టుకుని సూర్యాపేటలో కోదాడ బస్సెక్కాను.

ముసలామె మమ్మల్ని మంచం మీద కూర్చోబెట్టి మజ్జిగ ఇచ్చింది. ఆ వెంటనే మొదలుపెట్టింది.

"మీ పిలగాడు ఓడ మీద ఫిరంగులు పేలుస్తడంట గద. అవుతల ఫిరంగి ఉండదా? దానికి తోడు జలగండమాయె."

తమ్ముడు తల వంచుకున్నాడు. ఫిరంగుల సంగతి మూడేళ్లుగా ఊరంతా చాటింది మా అమ్మ. నిజం నాకు తెలుసు. చెబితే అమ్మ పరువు పోతుంది, చెప్పకపోతే తమ్ముడి పెళ్లి పోతుంది.

"అవ్వా, వీడికి జాతకం లేదు గని ఓడకు ఉన్నది. చెప్తా విను," అన్నాను. అమ్మ నా తొడ గిల్లింది.

ఆ ఓడ తెల్లదొరల దేశంలో పుట్టింది. క్రూయిజర్ అనే పెద్ద యుద్ధనౌక. పెద్ద యుద్ధంలో గుండు తగిలి ఎద్దులబండి పట్టేంత బొక్క పడితే, అతుకు వేయించుకుని మళ్లీ సముద్రంలోకి దిగింది. తరవాత మన దేశం కొన్నది. వయసు మళ్లాక పెద్ద ఫిరంగులన్నీ విప్పేశారు. గుండ్లు దాచిన గదుల్లో పిండి బస్తాలు, మంచినీళ్లు, మరమ్మతు యంత్రాలు పెట్టారు. ఇప్పుడు నడిసముద్రంలో తక్కిన ఓడలకు తిండీ నూనే ఇచ్చి, చెడిపోయినవాటిని బాగుచేసి పంపుతుంది. పేరు మార్చిన ఓడ అచ్చిరాదని నావికులకూ ఒక పిచ్చి నమ్మకం ఉంది. దీనికి రెండుసార్లు పేరు మార్చారు. మునగలేదు.

"ఓడ సంగతి సరే, అండ్ల ఆయనేం చేస్తడు?" తలుపు వెనక నుంచి అమ్మాయి గొంతు.

తమ్ముడి చెవులు ఎర్రబడ్డాయి. "డబల్‌రొట్టెలు కాలుస్త."

"ఎందరికి?"

"మా ఓడోళ్లకు. పక్కకొచ్చి ఆగిన ఓడలోళ్లకు గూడ."

"మాడ్తయా?"

"మొదట్ల మాడినయ్. మాడిందే పెద్దాఫీసరుకు పోయింది."

లోపల నవ్వు వినిపించింది. ముసలామె నోరు తెరిచింది. "అయ్యో, వంటోడా! గీనికా నేను బుగులుపడ్డది? మరి జలగండమో?"

అమ్మాయి తలుపు దాటి బయటికొచ్చింది. "నాయనమ్మా, మొన్న కాలువల ముగ్గురు పడ్డరు. ఈతొచ్చినోడు ఒడ్డుకొచ్చిండు, రానోళ్లను తాడేసి గుంజిన్రు. వాళ్ల పేర్లు ఎవరన్న అడిగిన్రా?" తమ్ముడి వైపు తిరిగింది. "నీకు ఈతొస్తదా?"

"వస్తది. రాకుంటె నౌకరీల ఉంచుకోరు."

"ఇగ నాకు గండమేంది?"

సభల్లో శాస్త్రులతో గంటలకొద్దీ వాదించినవాణ్ణి నేను. ఆ పిల్ల ఒక్క ప్రశ్నతో సిద్ధాంతిని ఇంటికి పంపింది. ముహూర్తం అడగకుండా, నాలుగో రోజున అదే వాకిట్లో దండలు మార్పించాం.

తిరుగు బస్సులో అమ్మ ముఖం తిప్పుకుని కూర్చుంది. "మూడేండ్ల సంది సూర్యాపేటల ఫిరంగులు పేల్చిన. ఒక్క పూటల రొట్టెలోణ్ణి చేస్తివి గదరా!" అంది. పక్కనున్న కొత్త కోడలు పగలబడి నవ్వింది. ఆ నవ్వు అమ్మకూ అంటుకుంది.

పెళ్లిచూపులు పెట్టుకున్న తల్లిదండ్రులారా, ఆ రోజు మీరు నోళ్లు మూసుకోండి. ముందు మీ అమ్మాయిని అడగనివ్వండి.