ఉమ్మడి జాగా

ఆఫీసులో అందరూ ఆయన్ని తాళాలాయన అనేవారు. అలాగని తాళంచెవుల గుత్తి మోగించుకుంటూ తిరిగే మనిషి కాదు. ఇంటి తాళంచెవి కూడా భార్య సంచిలోనే ఉండేది. ఆవిడ రావడం ఆలస్యమైతే మెట్ల మీద కూర్చుని పేపరు తిరగేస్తూ ఉండేవాడు. ఆయన వేసే తాళాలు కంటికి కనిపించవు, చేతికి తగలవు. బహుశా అందుకేనేమో, అవి ఉన్నాయో లేవో ఎవరూ పట్టించుకోలేదు.

ఆయన పనిచేసే కంపెనీ కంప్యూటర్లను అద్దెకిస్తుంది. ఇనుప అరల్లో వరుసగా పేర్చిన పెద్ద పెద్ద మెషీన్లు, వాటిని చల్లార్చే ఫ్యాన్ల హోరు. ఆ హాల్లో పక్కవాడితో మాట్లాడాలన్నా కేకలు పెట్టాల్సిందే. ఒక్కో మెషీన్‌నీ లోపల గదులుగా విడగొట్టి ఒక్కో గదినీ ఒక్కొక్కరికి ఇస్తారు. ఇటుకలతో కట్టిన గదులు కావవి, ప్రోగ్రాములతో కట్టినవి. వర్చువల్ మెషీన్లంటారు. వాటిలో కొన్నిటికి తాళం ఉంటుంది. అంటే గది మెమరీలో ఉన్నదంతా కలగాపులగం చేసినట్టుంటుంది. అద్దెకున్నవాళ్ళకి తప్ప, అద్దెకిచ్చిన కంపెనీకి కూడా ఒక్క ముక్క అర్థం కాదు. ఆస్పత్రులు, లాయర్లు, గుట్టు దాచుకోవలసినవాళ్ళందరూ ఆ తాళం గదుల కోసమే వస్తారు.

తాళాలాయన పని ఆ గదులకు బయటి పరికరాలు తగిలించడం. తిరకాసంతా అక్కడే ఉంది. గదిలో ఉన్నవాళ్ళకి ఒక్కోసారి గ్రాఫిక్స్ కార్డు కావలసి వస్తుంది. బొమ్మలు, ఫొటోలు గబగబా పరిశీలించి పెట్టే పరికరం అది. కానీ గది దృష్టిలో కార్డు పరాయిది. తానెవరో రుజువు చూపించి లోపలికి రాగలిగే కొత్త రకం కార్డులు వచ్చాయి గానీ, ఈ కంపెనీలో ఉన్నవన్నీ పాతవి. ఊరూ పేరూ తెలియనిదాన్ని లోపలికి ఎలా రానిస్తారు? అందుకని తాళం లేని కాస్త మెమరీని గది బయట వదిలిపెడతారు. గదిలోవాళ్ళు చూపించాల్సింది తెచ్చి అక్కడ పెడతారు. కార్డు దాన్ని తీసుకుని పని ముగించి జవాబు మళ్ళీ అక్కడే పెడుతుంది. దాన్ని గదిలోవాళ్ళు లోపలికి తీసుకుపోతారు. దానికి ఉమ్మడి జాగా అని పేరు. ఉమ్మడి కాబట్టి అక్కడున్నది కంపెనీవాళ్ళు కూడా చూడొచ్చు.

కాబట్టే తాళాలాయన ఒక పద్ధతి పెట్టుకున్నాడు. ఉమ్మడి జాగాలో ఏది పెట్టాలన్నా ముందు పేరు తీసెయ్యాలి, బొమ్మను ముక్కలు చెయ్యాలి, పని అయిన వెంటనే తుడిచెయ్యాలి. చాదస్తం అనేవారు కుర్రవాళ్ళు. అనుకోనీ, ఆ చాదస్తం మీదే ఆయనకి నిద్ర పట్టేది. ఒక ఆస్పత్రి తమ రోగుల స్కాన్‌లు చదివించుకోవడానికి గది అద్దెకు తీసుకునేముందు వాళ్ళ డాక్టరమ్మ స్వయంగా వచ్చి అడిగింది: "నిజంగా ఎవరూ చూడలేరా?" తాళాలాయన ఆవిడ కళ్ళలోకి చూసి, "మేం చూడాలనుకున్నా చూడలేమండీ" అన్నాడు. ఎంత బాగా అన్నాడంటే, అప్పట్నుంచీ కొత్త బేరం వచ్చినప్పుడల్లా ఆ ఒక్క వాక్యం చెప్పించడానికి ఆయన్ని వెంటబెట్టుకుని పోయేవారు.

అయితే పద్ధతి ఉన్నచోట ఆలస్యం ఉంటుంది. ఒక్కో స్కాన్‌నీ ముక్కలు చేసి బయట పెట్టడం, జవాబు లోపలికి మొయ్యడం, తుడవడం. ఆస్పత్రి వాళ్ళు నసుగుతున్నారని మేనేజరు పిలిపించాడు.

"ఈ ఎత్తడాలూ దించడాలూ ఎందుకయ్యా? గదిలో ప్రోగ్రాం పనిచేసే చోటంతా ఉమ్మడి చేసెయ్, పీడా పోతుంది."

"అప్పుడిక తాళం ఎందుకండీ?"

"తాళం నిన్నెవరు తియ్యమన్నారు? దాని మానాన అది ఉంటుంది. కొత్త కార్డులు వచ్చేదాకానేగా."

"ఎప్పుడొస్తాయండీ అవి?"

"వస్తాయిలే. నువ్వు ముందు ఇది చూడు."

తాళాలాయన నోట్లో నాలుక లేని మనిషేం కాదు. బస్సులో కండక్టరుతో, వీధి మలుపు దగ్గర బండ్లు అడ్డం పెట్టేవాళ్ళతో బాగానే దెబ్బలాడేవాడు. మేనేజరు గదిలో మాత్రం ఆ నాలుక ఎటు పోయేదో తెలియదు. నీళ్ళు నమిలి బయటికొచ్చి, చెప్పినట్టే చేశాడు. పేర్లు, వయసులు, డాక్టర్ల మాటలు, పూర్తి స్కాన్‌లు, అన్నీ గది లోపల్నుంచి ఉమ్మడి జాగాలోకి వచ్చి పడ్డాయి. పని జోరందుకుంది. మీటింగులో చప్పట్లు కొట్టారు. ఈయన కూడా నవ్వాడు, అబద్ధమెందుకు? తెర మీద ఆ గది పక్కన ఆకుపచ్చ తాళం బొమ్మ ఎప్పట్లాగే వెలుగుతూ ఉంది. ఆ బొమ్మ పెట్టే ప్రోగ్రాం గదికి తాళం ఉందా అని మాత్రమే అడుగుతుంది. సామానంతా బయటే ఉందేమిటని అడగదు.

కొత్త కార్డులు రాలేదు. మొదట్లో ఆయన అడిగేవాడు, తర్వాత అడగడం మానేశాడు.

ఆయన భార్య స్కూల్లో డ్రాయింగ్ టీచరు. స్కేలూ దారమూ లేకుండా బోర్డు మీద ఒక్క ఊపులో నిండు వృత్తం గీసేది. కొత్త క్లాసు మొదలుపెట్టేది దానితోనే. పిల్లలు నోరు తెరిచేవారు, ఆ తర్వాత ఏడాదంతా చెప్పినట్టు వినేవారు. అలాంటి మనిషికి కుడిచెయ్యి వణకడం మొదలైంది. మొదట్లో టీ కప్పు సాసరు మీద గలగల్లాడింది. తర్వాత చాక్‌పీసు. వృత్తం మూసుకునే చోట గీత పక్కకి జారిపోతోంది. స్కాన్ తీయించాలన్నారు.

జబ్బుకంటే ఆవిడకు జాలి అంటే భయం. వాళ్ళమ్మ మంచాన పడినప్పుడు చూడ్డానికి వచ్చినవాళ్ళు గుమ్మంలోనే "అయ్యో" అనేవారట. ఆ అయ్యోలు వినీ వినీ ఆ తల్లి ముఖం గోడవైపు తిప్పుకుని, మరిక ఇటు తిరగలేదట. అందుకని ఈ సంగతి మొగుడికీ, సొంత అక్కకీ తప్ప మూడో మనిషికి తెలియనివ్వలేదు. "బడిలో తెలిస్తే నన్ను టీచరులా చూడరండీ. గాజుబొమ్మలా చూస్తారు. చెయ్యి ఆడినన్నాళ్ళూ నన్ను నా పని చేసుకోనివ్వండి" అంది. ఆవిడ అడిగిందల్లా అంతే.

స్కాన్ ఆ ఆస్పత్రిలోనే. బయట బెంచీ మీద కూర్చుని పిలుపు కోసం చూస్తుంటే ఆవిడ ఉన్నట్టుండి అడిగింది:

"ఈ స్కాన్‌లు చదివేది మీ మెషీన్లేగా?"

"ఆఁ, మావే."

"మరి మీ ఆఫీసువాళ్ళ కంట పడవు కదా? మీతో పనిచేసే ఆ పొడుగాయన భార్య మా బడిలోనే లెక్కలు చెప్తుంది."

"మేం చూడాలనుకున్నా చూడలేం" అన్నాడు.

ఆలోచించి అన్న మాట కాదు, నోటికి అలవాటైన మాట. ఆవిడ భుజాలు సడలాయి. సంచి ఆయన ఒళ్ళో పెట్టి, పిలవగానే లోపలికి వెళ్ళిపోయింది. తలుపు మూసుకున్నాక ఆయనకి తను చేసిన పని గుర్తొచ్చింది. లేచి తలుపు తట్టి, "ఆగు, ఇవాళ వద్దు" అనొచ్చు. డాక్టరమ్మ గది నాలుగడుగుల దూరంలోనే ఉంది, వెళ్ళి ఉన్నమాట చెప్పొచ్చు. లేవలేదు. సోమవారం వెళ్ళగానే మళ్ళీ పాత పద్ధతికి మార్చేద్దాం అనుకున్నాడు. సోమవారం పైవాళ్ళు ఎవరో చూడ్డానికొస్తున్నారు, ఇప్పుడు వేగం తగ్గితే మేనేజరు కొంప ముంచుతాడని వాయిదా వేశాడు. మంగళవారం, ఇంతమంది రోగుల్లో ఎవరు చూస్తార్లే అనుకున్నాడు. జీవితమంతా 'ఎవరైనా చూస్తారేమో' అన్న అనుమానం మీద జీతం తిన్న మనిషి, సరిగ్గా సొంత భార్య వంతు వచ్చేసరికి ఎవరు చూస్తార్లే అనుకున్నాడు. దీనికి ఏం పేరు పెట్టాలో నాకు తెలియదు, మంచి పేరు మాత్రం కాదు.

చూసినవాడు చెడ్డవాడైతే కనీసం తిట్టుకోవడానికైనా ఉండేది. పొడుగాయన ఆఫీసులో అందరికంటే మెత్తని మనిషి. కార్డులు మొరాయిస్తే కంపెనీ వైపునుంచి చూసి బాగుచెయ్యడం అతని ఉద్యోగం. ఒకనాడు కాఫీ మెషీన్ దగ్గర పక్కకు పిలిచి, గొంతు తగ్గించి అడిగాడు:

"అన్నా, వదినగారికి ఎలా ఉంది?"

"బాగానే ఉంది. ఏం?"

"అదే... చెయ్యి."

"నీకెలా తెలుసు?"

"చూడాలని చూళ్ళేదన్నా, ఒట్టు. కార్డు ఇరుక్కుపోతుంటే ఎందుకా అని ఉమ్మడి జాగా కాపీ తీసి చూశాను. అందులో వదినగారి పేరు, వయసు, పనిచేసే బడి, అన్నీ ఉన్నాయి. పాపం, ఈ వయసులో ఇదేంటన్నా?"

"ఎవరితోనైనా అన్నావా?"

"ఛఛ, అలాంటివాణ్ణా నేను? మా ఆవిడతో ఒక్కదానితోనే. ఒకే బడి కదా, కాస్త వదినగారిని కనిపెట్టుకుని ఉండమన్నాను."

"మంచి పని చేశావు" అన్నాడు తాళాలాయన. పొడుగాయన అది నిజమే అనుకుని ఆయన భుజం తట్టి వెళ్ళిపోయాడు.

ఆ పూట ఆయన మేనేజరు గదిలోకి పిలవకుండానే వెళ్ళాడు. గొంతు కూడా పెంచాడు. మేనేజరు ఓపిగ్గా అంతా విని కుర్చీలో వెనక్కి వాలాడు.

"చూడవయ్యా. తాళం ఉన్న మెమరీలోంచి ఏమైనా బయటికి పోయిందా?"

"లేదు. కానీ అంతా ముందే..."

"పోలేదు కదా. ఉమ్మడి జాగాలో ఉన్నది రహస్యమే కాదు. రహస్యం కానిది బయటపడటం ఏమిటి? మన లెక్కలో ఏ తప్పూ జరగలేదు. ఆస్పత్రి వాళ్ళ చెవిన వేసి లేనిపోని గోల తెచ్చిపెట్టకు. నీ చేత్తో మార్చిందే కదా అది?"

అక్కడితో తాళాలాయన బయటికి వచ్చేశాడు. తన సీటుకు వెళ్ళి ఎవరినీ అడక్కుండా పాత పద్ధతిని తిరిగి పెట్టేశాడు. టేబులు మీది కాఫీ చల్లారేలోపు అయిపోయింది. అంత చిన్న పని అది. ఇన్ని నెలలు చెయ్యని పని.

ఇంటికి వెళ్ళేసరికి ఆవిడ అప్పటికే వచ్చేసి ఉంది. చెప్పులు కూడా విప్పకుండా వంటింట్లో స్టూలు మీద కూర్చుని ఉంది.

"బోర్డు పక్కన నాకు కుర్చీ వేశారండీ" అంది. "హెడ్‌మిస్ట్రెస్ స్వయంగా తెచ్చి వేసింది. కూర్చునే చెప్పండమ్మా, పెద్ద క్లాసులు వేరేవాళ్ళు చూసుకుంటారు అంది. స్టాఫ్‌రూంలో నేను వెళ్ళగానే మాటలు ఆగిపోయాయి. లెక్కల టీచరు నా సంచి మొయ్యబోయింది. క్లాసులో చాక్‌పీసు తీసుకుంటే ముందు బెంచీ పిల్ల లేచొచ్చి, టీచర్, మీరొద్దు, నేను గీస్తాను అంది. ఎంత బాగా అందో. వాళ్ళకి ముందే చెప్పి ఉంచారు."

ఆవిడ ఏడవలేదు. ఏడిస్తే ఈయనకి తేలికయ్యేది.

"మీరు ఎవరికైనా చెప్పారా?"

"నేనెవరికీ చెప్పలేదు."

అక్షరాలా నిజం. ఆయన ఎవరికీ చెప్పలేదు. ఆ నిజాన్ని పట్టుకుని ఆయన అక్కడ నిలబడ్డాడు. ఇంకో రెండు మాటలు కలిపితే చాలు, అసలు సంగతి తెలిసిపోతుంది. ఆ రెండు మాటలూ కలపలేదు. ఆవిడ ఆయన ముఖంలోకి చూసి తలూపింది.

"నాకు తెలుసులెండి, మీరు చెప్పరు. మీ మెషీన్లోంచి రాదు. ఇక మిగిలిందెవరు? అక్కే. దాని నోట్లో నువ్వుగింజ నానదు, చిన్నప్పట్నుంచీ అంతే."

"వదిన అలా చెయ్యదేమో..." అన్నాడు, తనకే వినబడనంత మెల్లగా.

ఆవిడ అప్పుడే అక్కకు ఫోను చేసింది. కేకలేమీ వెయ్యలేదు. "అమ్మని చూసి కూడా నీకు బుద్ధి రాలేదా అక్కా? ఇక నాకు ఫోను చెయ్యకు" అని పెట్టేసింది. తల్లి పోయాక చెల్లెల్ని పెంచి పెద్దచేసిన అక్క అది. ఆ కాసేపూ తాళాలాయన సింకు దగ్గర నిలబడి, కడిగిన గ్లాసునే మళ్ళీ కడుగుతూ ఉన్నాడు.

తర్వాత బడిలో ఆవిడకు కుర్చీ అలవాటైంది. బోర్డు మీద గీసే పని పిల్లలది, ఎక్కడ తప్పుపోయిందో చెప్పే పని ఈవిడది. ఇంట్లో మాత్రం పెద్ద కాగితాలు పరుచుకుని ఎడమచేత్తో వృత్తాలు గీయడం నేర్చుకుంటోంది. అక్క పేరు ఎత్తితే లేచి వెళ్ళిపోతోంది. ఒకటి రెండుసార్లు అక్క గుమ్మం దాకా వచ్చింది, ఈవిడ తలుపు తియ్యలేదు. తాళాలాయన ఆఫీసుకు వెళ్తూనే ఉన్నాడు. కొత్త బేరాలు వచ్చినప్పుడు ఆ వాక్యం చెప్పమంటే చెప్తూనే ఉన్నాడు.

ఒక ఆదివారం పొద్దున ఆయన ఫోను మోగింది. వదిన. ఫోను తీసుకుని వరండాలోకి నడిచాడు.

"మరిదిగారూ, నేనెవరికీ చెప్పలేదండీ. నా పిల్లల మీద ఒట్టు. ఈ చేతులతో పెంచానండీ దాన్ని. దాని గుట్టు నేను బయటపెడతానా? నా మాట ఎటూ వినదు, మీరైనా చెప్పండి. మీరంటే దానికి గురి."

"చెప్తాలెండి వదినా."

"ఇవాళే చెప్పండి, మీకు పుణ్యం ఉంటుంది."

"ఇవాళే."

ఫోను జేబులో పెట్టుకుని లోపలికి వచ్చాడు. భార్య నేల మీద కాగితం ముందు కూర్చుని, ఎడమచేతి పెన్సిలు తిన్నగా పోనివ్వాలని పెదవి కొరుక్కుంటోంది.

"ఎవరండీ ఫోను?"

"ఆఫీసు నుంచి" అన్నాడు.

ఆవిడ తలెత్తకుండానే నమ్మింది.