అవ్వ లెక్కపెట్టిన గీతలు

మా అవ్వ దృష్టిలో నాది ఉద్యోగమే కాదు. కణాలను గుండ్రంగా పరుగెత్తించే పెద్ద యంత్రం దగ్గర నా పని. మలుపు తిరిగేటప్పుడు ఆ కణాల ధార వెలుగు చిమ్ముతుంది. ఆ వెలుగును రెండు సన్నని చీలికల గుండా పంపితే తెర మీద గీతలు పడతాయి. ధార సన్నగా ఉంటే గీతలు స్పష్టంగా ఉంటాయి, లావుగా ఉంటే అలుక్కుపోతాయి. అలా దాని లావు కొలుస్తాను.

“సన్నమో లావో చెప్పేదానికి ఇంత చదువా?” అని అవ్వ మూతి తిప్పేది.

పోయినసారి అవ్వ ఊరు జంగమకోటెకు వెళ్ళేసరికి పట్టుపురుగుల గదిలో రచ్చ. గూడు కట్టే వెదురు చంద్రికె మీద, ఇంకా ఆ దశకు రాని పండని పురుగులు ఎవరు వేశారని అవ్వ తన కోడలిని, అంటే మా అత్తను, దులిపేస్తోంది. “కండ్లు యాడ పెట్టుకోనుండావే?” అత్త కిక్కురుమనలేదు. గయ్యాళితనంలో అవ్వకు తీసిపోని మనిషి ఊరుకుందంటే ఏదో ఉందనుకున్నాను.

సాయంత్రం ఇరుగుపొరుగు ఆడవాళ్ళు చేరి నా పనేమిటని అడిగారు. “ఏమో, లైటు చూస్తాదంట,” అంది అవ్వ. నాకు ఒళ్ళు మండింది. గాజుముక్కకు మసి పట్టించి, రెండు బ్లేడులు జంటగా పట్టి గీశాను. అత్త ఫోను టార్చి పట్టుకుని నడవ చివర చీకట్లో నిలబడింది. ఆడవాళ్ళు ఒక్కొక్కరే గాజును కంటికి ఆనించి “చారల చీర మాదిరి ఉండాదమ్మా!” అని మురిసిపోయారు.

అవ్వ వంతు వచ్చింది. “అబ్బా, ఎంత బాగుండాయే గీతలు! లెక్కపెట్టచ్చు!”

నడవ చివరినుంచి అత్త తియ్యగా అంది: “అత్తా, లైటు మీద నా చెయ్యి ఉండాది.”

అందరూ పడీపడీ నవ్వారు. నేనూ నవ్వాను, ఆ వెంటనే భయమేసింది. మా పనిలో గీతలు చెదిరితే ధారను తప్పుపట్టే ముందు మధ్యలోని అద్దం చూడాలి. అవ్వ ముఖం వెలుగులోకి తిప్పాను. రెండు కళ్ళలోనూ తెల్లటి పొర.

ఆసుపత్రికి పోదామంటే, “పురుగులు గూడు కట్టేదాకా నేను యాడికీ రాను. ఆసుపత్రి వాసన మోసుకొస్తే అవి చస్తాయి,” అని మొండికేసింది.

“అట్లనా? పండని పురుగులు ఏసింది ఎవురో ఊరంతా చెప్తా,” అంది అత్త.

మర్నాడే అవ్వ కంటి ఆసుపత్రికని చింతామణి బస్సెక్కింది.

ఆపరేషనయ్యి కంటి కట్టు విప్పాక అదే గాజుముక్క ఇచ్చాను. ఈసారి నిజంగానే చూసి, గీతలున్నాయని ఒప్పుకుంది. గాజు దించి నా వైపు తిరిగింది. చాలాసేపు చూసింది.

“ఏమే, నీకు తల ఇంత నెరిసిపోయిందే! నాకు ఎవురూ చెప్పనే లేదే,” అని నా తల నిమురుతూ ఏడ్చేసింది.