ఆప్షనల్ గడ్డి

సైనిక్‌పురి అవతల మా పెద్దమ్మ చేరిన రిటైర్మెంట్ కాలనీ మేనేజరును తలుచుకుంటే ఇప్పటికీ నా పళ్లు వాటంతటవే నూరుకుంటాయి. ఏది అడిగినా గుండె మీద చెయ్యేసుకుని, నగరమంతటికీ చావు కబురు మోసుకొచ్చినవాడిలా గొంతు తగ్గించి, "ఆప్షనల్ మేడమ్" అనేవాడు.

పెద్దమ్మ మోకాళ్లకు మెత్తటి నేల మీద నడకే మందన్నాడు డాక్టరు. కాలనీలో గడ్డి ఉన్నది గోల్ఫ్ మైదానంలోనే. మిగతాదంతా సిమెంటు.

"గడ్డి మీద నడవాలంటే విడిగా డబ్బు కట్టి గోల్ఫ్ మెంబర్‌షిప్‌కి అప్‌గ్రేడ్ కావాలి. ఆప్షనల్ మేడమ్."

"నాకు గోల్ఫ్ ఎందుకు బిడ్డా? జెర నడుస్తా, అంతే."

"సిమెంటు ఉంది కద మేడమ్."

పెద్దమ్మ చెప్పులు విడిచి గడ్డిలోకి నడిచింది. జూ నుంచి ఏనుగు తప్పించుకున్నట్టు కేకలేస్తూ వెంటపడ్డ మేనేజరు, గడ్డి అంచున టక్కున ఆగిపోయాడు. సిబ్బంది గడ్డి తొక్కరాదన్న రూలు పెట్టింది ఆయనే.

"మేడమ్, బయటికి రండి."

"నువ్వే లోపలికి రా బిడ్డా, మస్తు మెత్తగుంది."