లైట్‌హౌస్‌కు సవతి పోరు

ఫజలుద్దీన్ భాయ్ అంతటి కుళ్లుబోతును నేను పుట్టి ఎరగను. పక్కింటి బర్రె కాస్త ఎక్కువ పాలిస్తే తన బర్రె మీద అలుగుతాడు. పున్నమినాడు భార్య ఆలంబీ చందమామను మెచ్చుకుందని ఆ పూట అన్నం ముట్టలేదు. తన లైట్‌హౌస్ ఉండగా చందమామను చూడడమేమిటని ఆయన బాధ.

జిన్నారం దగ్గర మా చెరువు గట్టున లైట్‌హౌస్ ఉందంటే ఎవరూ నమ్మరు. ఎవరో ఆసామి రిసార్టు పెడతానని, వచ్చేవాళ్లు ఫొటోలు దిగడానికి ముందుగా దాన్ని కట్టించాడు. రిసార్టు లేవనే లేదు, ఆసామి మళ్లీ కనబడలేదు. కాపలాకు పెట్టిన భాయ్ మాత్రం మోటార్లు బాగుచేసుకుని బతుకుతూ, పొద్దుగూకగానే పైకెక్కి దీపం వెలిగించేవాడు. చెరువులో ఓడ అంటే మా పెంటయ్య కాకకున్న థర్మకోల్ తెప్ప ఒక్కటే. ఆయన వలలు వేసి, ఆ దీపం చూసుకుని ఒడ్డుకు వచ్చేవాడు.

అంతలో అవతలి గట్టున మందుల కంపెనీవాళ్లు ఎత్తైన స్తంభం పాతి తెల్లటి లైట్లు పెట్టారు. భాయ్ కడుపు మండిపోయింది.

"సూడు అనిల్, నా దీపం ముంగట గదేంది?"

"మంచిగనే ఉంది కద భాయ్, గట్టంత వెలుగు."

"అయితే ఇగ గాడికే పో. నా దగ్గర చాయ్ తాగకు."

లైట్ల మొహం అటు తిప్పమని కంపెనీ మేనేజరును బతిమాలాడు. ఆయన పడీపడీ నవ్వాడు.

"లైటును చూసి కూడా కుళ్లుకుంటారా?"

"కుళ్లుకుంట! తిప్పుతవా, లేదా?"

తిప్పలేదు. భాయ్ ఇంటికొచ్చి ఆలంబీ పెళ్లినాటి ఎర్ర దుపట్టా కత్తిరించి దీపం అద్దాలకు చుట్టాడు. ఆమె చెరువు అదిరేలా తిట్టింది. "ఆలంబీకి నా దీపమంటే కుళ్లు," అన్నాడు నాతో. ఆ మాట ఊరంతా చెప్పి నవ్వించింది నేనే.

ఒక సాయంత్రం బాగుచేయనిచ్చిన మోటారు కోసం వెళితే, భాయ్ గట్టు మీద నిలబడి అరుస్తున్నాడు.

"కాకా! తెల్లది కాదు, ఎర్రది! ఎర్రదాని దిక్కు రా!"

"ఆఁ, దొరికింది, దొరికింది!" నీళ్ల మీంచి పెంటయ్య కాక గొంతు.

భాయ్ నన్ను చూసి పక్కకు లాగాడు.

"జెర నోరు మూసుకో. కాకకు కండ్లు మసకైనయ్. మొన్న తెల్లదాని దిక్కు పోయి ఊబిల నడుముదాంక దిగిండు. కొడుకులకు తెలిస్తే చెర్ల దిగనియ్యరు. చెరువు లేకుంటే కాక బతుకుతడా?"

"మరి ఊరంత నిన్ను కుళ్లుబోతంటున్నరు కద భాయ్."

"అననియ్. నన్ను సూసి నవ్వుతుంటే కాక కండ్ల దిక్కు ఎవ్వడు సూస్తడు?"

నాకు సిగ్గేసింది, ఆయన మీద ప్రేమ పొంగింది. ఇద్దరం కలిసి, చుట్టాల పెళ్లి ఉందని కాక ఇంట్లో చెప్పి, సంగారెడ్డి తీసుకెళ్లి కంటి ఆపరేషన్ చేయించాం.

కట్టు విప్పాక కాక గట్టెక్కి అవతలికి చూశాడు.

"అబ్బ! ఫజలూ, కంపెనీ లైట్లు ఎంత మంచిగున్నయ్‌రా!"

అంతే, భాయ్ ఆయనతో మాట మానేశాడు. రోజూ వెళ్లి కంట్లో చుక్కల మందు వేయడం మాత్రం మానలేదు. మొహం పక్కకు తిప్పుకుని వేసేవాడు కాబట్టి, సగం మందు కాక ముక్కు మీద పడేది.