మెట్ల మలుపు గూట్లో రౌటరు

పదకొండేళ్ళపాటు ఆ ఇంట్లో ఇంటర్నెట్టు అంటే పెద్దకోడలి గదే. పుస్తకాలకు అక్షరాలు కూర్చే పని ఆమెది. ఇంట్లో మొదటి కంప్యూటరు కొన్నది ఆమె. వీధిలోంచి వచ్చిన తీగ ఆమె కిటికీ చువ్వల మధ్యనుంచి లోపలికి దూరి, ఆమె బల్ల కిందే ఆగిపోయింది. మామగారు చదరంగం ఆడాలన్నా, మరిది ఉద్యోగానికి దరఖాస్తు పెట్టాలన్నా ఆమె తలుపు తట్టాల్సిందే. పని పాడవుతోందని రోజూ విసుక్కునేది. ఎవరూ రాని రోజున మాత్రం తలుపు వైపు నాలుగుసార్లు చూసేది.

మరిదికి పెళ్ళయి చిన్నకోడలు వచ్చింది. ఒక ఇంజనీరుకు ఇళ్ళ ప్లాన్లు గీసిపెట్టే పిల్ల. వచ్చిన మూడు నెలలకే, ఇంట్లో ఐదు కంప్యూటర్లుంటే ఒక్కదానికే తీగ ఉండడమేమిటని అంది. అన్నిటికీ ఇంటర్నెట్టు గాలిలోనే అందేలా పెట్టుకోవచ్చని భోజనాల దగ్గర అందరికీ విడమరిచి చెప్పింది. గోడల్లోంచి ఎలా వస్తుందమ్మా అని మామగారు నోరు తెరిచారు. పెద్దకోడలు కంచంలోంచి తలెత్తలేదు.

ఆ ఆదివారం చిన్నకోడలు టేపు పట్టుకుని ఇల్లంతా కొలిచింది. వంటింటి మందపాటి గోడ, హాల్లో ఇనప బీరువా సిగ్నలుకు అడ్డమనీ, ఇంటికి నట్టనడుమ ఉన్నది మెట్ల మలుపులో గూడనీ తేల్చింది. పెద్దకోడలి బల్ల కింది తీగను గోడ వెంబడి పొడిగించి, ఆమె గుమ్మానికి చిన్న రంధ్రం తొలిచి, గూట్లో పెట్టిన రౌటరుకు తగిలించింది. అక్కడినుంచి ఇంకో తీగను వెనక్కి ఆమె కంప్యూటరుకు లాగింది. చెక్కపొట్టు గదిలో రాలుతుంటే పెద్దకోడలు చీపురు పట్టుకుని నిలబడి చూసింది.

"అక్కా, పాస్‌వర్డు నువ్వే పెట్టు. ఇవన్నీ నాకంటే నీకే బాగా తెలుసు," అంది చిన్నకోడలు.

ఆ మర్యాద పెద్దకోడలికి పుండు మీద కారం చల్లినట్టయింది. వైఫైకీ, రౌటరు సెట్టింగులకూ ఆమే రెండు పాస్‌వర్డులు పెట్టింది.

సోమవారం నుంచి ఆమె గదికి ఎవరూ రాలేదు. మామగారు వరండాలో కూర్చుని ఆడుతూ, గెలిచినప్పుడల్లా చిన్నకోడలి చలవ అనేవారు. వైఫై అందుకునే చిన్న పరికరమొకటి నీ పాత కంప్యూటరుకూ తెస్తానని భర్త అంటే, నా తీగ నాకు చాలు అని మూతి ముడిచింది. మెట్ల మీదుగా వెళ్ళినప్పుడల్లా గూట్లో మినుకుమినుకుమనే పచ్చదీపాలు చూసి మొహం తిప్పుకునేది. పదకొండేళ్ళ పెద్దరికాన్ని ఒక్క మధ్యాహ్నంలో ఊడ్చేసింది కదా అనుకునేది.

ఒక గురువారం పొద్దున్న రౌటరు సెట్టింగులు తెరిచింది. ఐదు కంప్యూటర్లూ వరసగా కనిపించాయి. దేనికెంత వేగం ఇవ్వాలో పెట్టుకునే వీలుంది. చిన్నకోడలి వరసలో అంకెను అట్టడుగుకు దించింది. ఒక అచ్చుతప్పు దిద్దినంత సేపు కూడా పట్టలేదు.

చిన్నకోడలి డ్రాయింగులు ఇంజనీరుకు పోవడం మానేశాయి. తన కంప్యూటరే పాడయిందనుకుని రిపేరుకిచ్చి తెచ్చుకుంది. గూటి కింద మెట్టు మీద, ఒళ్ళో కంప్యూటరు పెట్టుకుని కూర్చుంది. అయినా లాభం లేకపోయింది. సోమవారానికి ఇంజనీరు విసిగిపోయి, ఆమె రెండు నెలలుగా గీస్తున్న ఇంటిని వేరే అతనికి అప్పగించాడు.

ఆ సాయంత్రం ఆమె పెద్దకోడలి గుమ్మంలో నిలబడింది. "అక్కా, ఒక్కసారి చూస్తావా? నాకేం పాలుపోవడం లేదు."

నిజం చెప్పాలంటే పెద్దకోడలికి ముందు కలిగింది సంతోషమే. ఆ తర్వాతే ఆ పిల్ల ఉబ్బిన కళ్ళు కనిపించాయి. సెట్టింగులు తెరిచింది. తెరను తన వైపు తిప్పుకోవచ్చు, అంకె మార్చేసి ఏదో సరిచేసినట్టు నటించవచ్చు. ఆ పని చెయ్యలేదు. వేలు పెట్టి చూపించింది.

"ఇది నేనే పెట్టాను."

"ఎందుకక్కా?"

"అందరూ నీ పేరే జపిస్తుంటే ఓర్వలేకపోయాను."

చిన్నకోడలు ఆ అంకెను తనే పైకి పెంచింది. "నేను గీసిన ఆ ఇల్లు నాకెంత ఇష్టమో నీకు తెలుసు," అని వెళ్ళిపోయింది.

ఈ సంగతి చిన్నకోడలు ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. మర్నాడు మాత్రం పెద్దకోడలికి సెట్టింగులు తెరుచుకోలేదు, చిన్నకోడలు రౌటరును మొదటికి తెచ్చి కొత్త పాస్‌వర్డు పెట్టుకుంది. మొహం మీద కొట్టినట్టనిపించినా, తగిన శాస్తే అనుకుంది. పదిహేను రోజులు ఇద్దరి మధ్యా ఉప్పందించు, నీళ్ళందించు అన్నంతవరకే మాటలు సాగాయి.

ఈలోగా పెద్దకోడలు ఎవరికీ చెప్పకుండా ఇంజనీరు ఆఫీసుకు వెళ్ళింది. తప్పు తనదనీ, ఆ పిల్లది కాదనీ చెప్పింది. అతను తల ఎత్తకుండానే విని, ఇచ్చిన పని వెనక్కి తీసుకోలేననీ, ఇంకొకటి వస్తే చూస్తాననీ అన్నాడు.

నెల తర్వాత ఇంజనీరు నుంచి చిన్నకోడలికి ఒక చిన్న బడి ప్లాను గీసే పని వచ్చింది. ఆ ప్లాను పట్టుకుని చిన్నకోడలు పెద్దకోడలి బల్ల దగ్గరికి వచ్చింది. "ఆఫీసుకు వెళ్ళావట," అని మాత్రం అంది. గదుల పేర్లకు మంచి అక్షరాలు కూర్చిపెట్టమంది. పెద్దకోడలు రెండు రోజులు కూర్చుని కూర్చింది.

ప్లాను బాగుందని ఇంజనీరు ఫోనులో మెచ్చుకున్నాడు. అక్షరాల ఊసే ఎత్తలేదు. మామగారు ఆ మాట ఇల్లంతా చాటుతుంటే పెద్దకోడలికి లోపల మళ్ళీ కలుక్కుమంది. తాను అక్షరాలు కూరుస్తున్న పుస్తకంలో తర్వాతి పేజీ తెరిచింది.